చెవుల మేస్త్రి బిగించిన హెడ్డు

మా వీధిలో కొన్ని మధ్యాహ్నాలు ఉన్నట్టుండి మెత్తబడిపోయేవి. పక్క షెడ్డులో వడ్రంగి తాత రంపం మిషను ఆపేసేవాడు. ఎదురింట్లో రేడియో గొంతు తగ్గేది. సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు గంట కొట్టకుండా, ఒక కాలు నేలకి ఆనిస్తూ నెమ్మదిగా దాటిపోయేవారు. కొత్తవాళ్ళెవరైనా "ఏమైంది, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" అని అడిగితే తాత పెదాల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో మా షెడ్డు వైపు చూపించేవాడు.

"మేస్త్రి హెడ్డు బిగిస్తున్నాడు."

మేస్త్రి అంటే మా మావయ్య. కార్లు బాగుచేసేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని చెవుల మేస్త్రి అనేవారు. ఆయన చెవులేమీ పెద్దవి కావు. తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయి నేను వాళ్ళింటికి వచ్చినప్పుడు, ఈ పేరు వినీ వినీ, ముందుగా ఆ చెవులే చూశాను. మామూలు చెవులు. కుడిచెవి ముందు మాత్రం గుండ్రంగా ఒక నొక్కు ఉండేది.

ఆ నొక్కు ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. ఏ బండి వచ్చినా ఆయన ముందు బానెట్టు ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. బండాయన గుక్క తిప్పుకోకుండా ఏదో చెబుతూనే ఉంటాడు. మావయ్య వినేది ఆయన మాటలు కాదు. కాసేపటికి కళ్ళు తెరిచి, "రెండో గదిలో వాల్వు సరిగ్గా కూర్చోవట్లేదు" అనేవాడు, ఇప్పుడే ఆ గదిలోకి వెళ్ళి చూసి వచ్చినట్టు.

చిన్నప్పుడు లారీల షెడ్డులో పని నేర్చుకున్నాడట. అక్కడి పెద్దమేస్త్రి ఎవరికీ ఏదీ చెప్పేవాడు కాదు. అసలు పని వచ్చేసరికి అందర్నీ టీకి పంపేసేవాడు. మావయ్య టీకి వెళ్ళకుండా పక్క లారీ కింద పడుకుని, కనపడకపోయినా విని నేర్చుకున్నాడు. ఏ నట్టు వదులు చేస్తే ఏ చప్పుడు, ఏ బోల్టు బిగిస్తే ఏ చప్పుడు. "కళ్ళకి అడ్డం పెట్టాడు గానీ చెవులకి తలుపులేముంటాయమ్మా" అని నవ్వేవాడు.

అత్తయ్య ఆయనకి దొరకడం కూడా చెవుల వల్లే. అత్తయ్య వాళ్ళ నాన్నకి ఒక పాత కారు ఉండేది. ఒకసారి కూతుర్ని వెనకసీట్లో కూర్చోబెట్టుకుని దాన్ని షెడ్డుకి తెచ్చాడు. మావయ్య ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంజను బాగానే ఉందండీ. వెనకెక్కడో ఏదో వదులుగా ఉంది, గలగలమంటోంది" అన్నాడు. కళ్ళు తెరిచి వెనక తలుపు తీస్తే అత్తయ్య. ఒడిలో సంచీ, చేతుల నిండా గాజులు.

"నా గాజుల్ని పట్టుకుని వదులు నట్లన్న మనిషి. ఈయన్ని నమ్మి కాపురానికొచ్చాను" అనేది అత్తయ్య, ఆ కథ చెప్పినప్పుడల్లా.

"ఇప్పటికీ బిగించలేకపోయాను" అనేవాడు మావయ్య.

అత్తయ్య ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టేది. నేను కాజాలు తీసి, గుండీలు కుట్టేదాన్ని. కిటికీ అవతలే షెడ్డు. రేకుల కప్పుకి అక్కడక్కడా చిన్న చిల్లులు. మధ్యాహ్నం ఎండ ఆ చిల్లుల్లోంచి సన్నటి దారాల్లా దిగి, నూనె మరకల నేల మీద, విప్పిపెట్టిన ఇంజన్ల మీద నెమ్మదిగా జరుగుతూ ఉండేది. సూది గుడ్డలోనే ఆగిపోయి, నేను ఎంతసేపు అలా చూస్తూ ఉండిపోయానో అత్తయ్య "ఏమ్మా, ఆ గుండీకి నిద్రపట్టిందా?" అని అడిగేదాకా తెలిసేది కాదు.

నాకు ఆ షెడ్డులో అన్నిటికంటే ఇష్టమైంది హెడ్డు తీసిన ఇంజను. కింద బరువైన బ్లాకు. అందులో వరసగా నాలుగు బావులు. హెడ్డు ఆ బావుల మీద పెట్టే మూత. రెండింటి మధ్య గ్యాస్కెట్టని ఒక పల్చటి పలక. నాలుగు పెద్ద గుండ్రటి కిటికీలు, చుట్టూ చిన్న చిన్న కిటికీలు. మావయ్య దాన్ని అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురుకి అడ్డంగా ఎత్తేవాడు. ఆయన మొహం మీద కిటికీల నీడ పడేది.

"ఒకే ఇంట్లో ముగ్గురు తోడికోడళ్ళమ్మా. నిప్పు, నీళ్ళు, నూనె. ఎవరి గది వాళ్ళది, ఎవరి దారి వాళ్ళది. మధ్యలో గోడ ఇదిగో, ఇంతే. గోడ నిలబడితే కాపురం. చిల్లు పడిందా, ఒకళ్ళ గిన్నెలో ఇంకొకళ్ళు చెయ్యి పెడతారు."

"తోడికోడళ్ళ సంగతి మీకేం తెలుసు? మీ ఇంటికి నేనొక్కదాన్నే కోడల్ని" అని మిషను దగ్గర్నుంచి అత్తయ్య అనేది.

"ముగ్గురి పెట్టు నువ్వొక్కదానివే!" అని షెడ్డులోంచి జవాబు వచ్చేది.

నేను వచ్చిన కొత్తలో వచ్చేది. తర్వాత తర్వాత రావడం మానేసింది. ఆయన పనిలో మునిగిపోయాడనుకునేదాన్ని. అత్తయ్య మాత్రం మిషను ఆపి, లేచి వెళ్ళి, షెడ్డులో ఆయన ఎదురుగా నిలబడి మళ్ళీ అదే మాట అనేది. అప్పుడు ఆయన నవ్వేవాడు. ఆ ఇంట్లో ఎవరం ఆయనతో వెనకనుంచి మాట్లాడేవాళ్ళం కాదు. ఎవరూ చెప్పలేదు. అత్తయ్య చుట్టూ తిరిగి ముందుకి వెళ్ళడం చూసీ చూసీ నాకూ అదే అలవాటైంది.

రొట్టెలాయన బండి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయనకి వీధి చివర బేకరీ ఉంది. వెనకసీట్లు పీకేసిన పాత నీలం కారులో తట్టలు పెట్టుకుని పొద్దున్నే ఊరంతా తిరిగి రొట్టెలు వేసేవాడు. ఆ కారు వెళ్ళిపోయాక కూడా కాసేపు వీధిలో వెచ్చటి వాసన ఉండేది. ఆ రోజు మాత్రం వాసనకంటే ముందు పొగ వచ్చింది. తెల్లగా, దట్టంగా. దాంట్లోంచి ముందు బానెట్టు, ఆ తర్వాత తుమ్ముతూ రొట్టెలాయన బయటపడ్డాడు.

"మేస్త్రీ, నా బండి మేఘాల్ని కంటోంది."

మావయ్య నూనె చూసే కడ్డీ లాగాడు. దాని చివర నూనె పాలటీ రంగులో ఉంది. రొట్టెలాయనకి చూపించాడు. "నీళ్ళొచ్చి నూనెలో కలిశాయి. గోడ పోయింది. హెడ్డు దించాలి."

"దించు. కానీ తొందరగా పెట్టు. సైకిలు తొక్కితే నా మోకాళ్ళు నీ తలుపులకంటే ఎక్కువ కిర్రుమంటాయి."

హెడ్డు దించాడు. లేతు పనివాడి దగ్గరికి పంపి, దాని అడుగు చదును చేయించాడు. బ్లాకు మొహం మీద అంటుకున్న పాత గ్యాస్కెట్టు ముక్కల్ని చెక్కబద్దతో గీరాడు. ఇనుముతో గీరకూడదట. చిన్న గీత పడినా రేపు నీళ్ళు ఆ గీతనే దారి చేసుకుంటాయట. తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. ఉక్కుబద్ద అంచు మీద నిలబెట్టి, దాని కిందనుంచి ఎక్కడైనా వెలుతురు దూరుతుందేమో అని చెంప ఆనించి చూశాడు. చివరికి వీధి మెత్తబడింది. తాత రంపం ఆగింది.

హెడ్డు బిగించే పానాకి ఒక గుణం ఉంది. ఎంత బిగువు కావాలో ముందే దాని పిడి మీద తిప్పి పెట్టుకుంటే, బోల్టు ఆ బిగువుకి చేరగానే లోపల టిక్కుమంటుంది. అక్కడ ఆపెయ్యాలి. తక్కువైతే గోడ నిలవదు. ఎక్కువైతే బోల్టు సాగిపోతుంది. మావయ్య కళ్ళు మూసుకుని పానా లాగడం, ఆగడం, ఇంకో బోల్టుకి మారడం నేను కిటికీలోంచి చూశాను. నిద్రలో నడిచే మనిషిలా ఉన్నాడు. మొహంలో ఎంత శాంతమో. అంత దూరానికి నాకు టిక్కు వినపడదు. ఆయనకి వినపడుతోందని మాత్రం అందరం అనుకున్నాం.

నీలం కారు మళ్ళీ ఊరంతా తిరిగింది. రెండు వారాలు తిరక్కుండానే ఇంకో బండి వెనక తాడుతో కట్టించుకుని వచ్చింది. రొట్టెలాయన ఈసారి జోకు వెయ్యలేదు. తట్టలు దించి సైకిలుకి కట్టుకుంటూ, "చూడు మేస్త్రీ" అని మాత్రం అన్నాడు.

"గ్యాస్కెట్టు నాసిరకంది అయ్యుంటుంది" అన్నాడు మావయ్య.

హెడ్డు విప్పాడు. విప్పిన బోల్టుల్ని చిల్లులు పెట్టిన అట్టలో, దేని చోట్లో దాన్ని గుచ్చిపెట్టడం ఆయన పద్ధతి. అలా గుచ్చుతూ గుచ్చుతూ ఆగిపోయాడు. ఒక చివరి బోల్టు పానాకి పని లేకుండా దాదాపు వేళ్ళతోనే వచ్చేసింది. ఇంకొకటి మెడ దగ్గర సన్నబడి ఉంది. దాన్ని పక్కదానితో కలిపి బల్ల మీద నిలబెట్టాడు. సాగిపోయి, పక్కదానికంటే పొడుగైంది. గ్యాస్కెట్టు తీసి తిప్పి చూశాడు. ఒక కిటికీ చుట్టూ ఉన్న ఉంగరం ఒకవైపు లోతుగా అణిగి, ఇంకోవైపు కొత్తదానిలా మెరుస్తోంది. తప్పు గ్యాస్కెట్టుది కాదు.

ఇంజను మీద పాతదుప్పటి కప్పి, మావయ్య స్టూలు మీద కూర్చున్నాడు. ఎండదారాలు ఆయన వీపు మీదనుంచి జరిగి జరిగి గోడ ఎక్కాయి. లేవలేదు.

సాయంత్రం పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉంటే అత్తయ్య తువ్వాలు పట్టుకుని వెళ్ళింది. నేను ఆరిన బట్టలు తీస్తున్నాను.

"ప్రతీదీ విన్నానే" అన్నాడు మావయ్య, చేతులకేసి చూస్తూ. "ఒట్టు. ప్రతి బోల్టుకీ టిక్కుమంది. నా చెవులతో విన్నాను."

అత్తయ్య ఆయన ముందుకి వచ్చి, ఆయన తలెత్తేదాకా ఆగింది. "విన్నారండీ. కాదనట్లేదు. కానీ అది ఆ రోజు చప్పుడు కాదేమో."

ఆయన చేతులు ఆగాయి.

"ఎన్నేళ్ళుగా విన్నారో ఆ చప్పుడు. లోపల నిండిపోయి ఉంటుంది. వచ్చే వేళకి దానంతటదే వచ్చేసి ఉంటుంది. పానా అన్నా, అనకపోయినా."

కుళాయి కారుతూనే ఉంది. ఆయన కట్టెయ్యలేదు. ఆ చప్పుడు కూడా ఆయనకి వినపడట్లేదని నాకు అప్పుడు అర్థమైంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వెనకనుంచి వస్తే మీరు ఉలిక్కిపడటం మొదలుపెట్టినప్పట్నుంచి. అంతకుముందు నా గాజులు వంటింట్లో ఉండగానే మీకు తెలిసేది."

"చెప్పలేదే?"

"మీరు చెప్పారా?"

మావయ్య తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "చెవుల్లేని చెవుల మేస్త్రి" అన్నాడు తువ్వాల్లోంచి. "వీధిలో తెలిస్తే రేపట్నుంచి పిల్లలు కూడా చెవులు కొరుక్కుంటారు. వద్దే. ఇంక హెడ్డు ముట్టుకోను. ఒంట్లో బాగోలేదని చెప్పి ఆయన బండి ఇంకెక్కడికైనా పంపించేస్తా. షెడ్డు మూసేద్దాం. నువ్వు కుట్టు, నేను గుండీలు కుడతా."

"మీరు గుండీలు కుడితే ఎవరూ చొక్కా విప్పలేరు" అంది అత్తయ్య. కానీ నవ్వలేదు. ఆయన ఆ మాట నిజంగానే అన్నాడని ఆవిడకి తెలుసు. నాకూ తెలిసింది. పని లేకపోతే మావయ్య ఎలా ఉంటాడో ఊహించుకుందామని చూశాను. ఖాళీ స్టూలు ఒక్కటే కనపడింది.

మర్నాడు పొద్దున్న రొట్టెలాయన సైకిలు దిగి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. మావయ్య అటు తిరిగి పానాలు తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు. ఎప్పుడూ గోడకి వేలాడే పానాలు పెట్టెలోకి వెళ్తుంటే నాకు భయం వేసింది.

"మేస్త్రీ, ఎప్పటికవుతుంది?"

మావయ్య తిరగలేదు.

"మేస్త్రీ! నిన్న నేను ముభావంగా వెళ్ళానని కోపమొచ్చిందా? చెప్పు, కొట్టు, తిట్టు. మాట్లాడకుండా ఉంటే ఎలా?"

అత్తయ్య మిషను మీదనుంచి లేచి గబగబా గుమ్మంలోకి వచ్చింది. "ఆయనిప్పుడు లెక్కలో ఉన్నారన్నయ్యా. కదిలిస్తే మొదటికొస్తుంది. ఎల్లుండి మధ్యాహ్నానికి బిగించేస్తారు. వచ్చి తీసుకెళ్ళండి."

"ఎల్లుండి?"

"ఎల్లుండి."

రొట్టెలాయన ఒక రొట్టె ఆవిడ చేతిలో పెట్టి, కిర్రుమంటూ వెళ్ళిపోయాడు. అత్తయ్య చుట్టూ తిరిగి మావయ్య ముందు నిలబడి, జరిగింది చెప్పింది.

"నన్నడక్కుండా మాటిచ్చావా? మధ్యలో నువ్వెవరివే?"

"గ్యాస్కెట్టుని" అంది అత్తయ్య. "మీకూ ఊరికీ మధ్య ఇన్నాళ్ళూ నలిగింది నేను. ఆ పెట్టె తెరవండి."

ఎల్లుండి అన్న రోజు రానే వచ్చింది. కొత్త బోల్టులు, కొత్త గ్యాస్కెట్టు బల్ల మీద ఉన్నాయి. బోల్టులు దిగే కన్నాల్లో మావయ్య గాలి కొట్టాడు, గుడ్డపీలిక మెలిపెట్టి ఒక్కొక్క కన్నంలో దింపి తీసి చూశాడు. అడుగున చుక్క నీళ్ళున్నా, నూనె ఉన్నా, బోల్టు దాన్ని నొక్కి నొక్కి బ్లాకునే పగలగొడుతుందట. పీలిక పొడిగా వచ్చేదాకా వదల్లేదు.

గ్యాస్కెట్టు మీద పైవైపు ఏదో తెలిసేలా గుర్తు అచ్చేసి ఉంటుంది. ఆ గుర్తు పైకి వచ్చేలా, నూనె కిటికీ నూనె దారి మీదకి వచ్చేలా, గ్రీజూ గమ్మూ ఏదీ పుయ్యకుండా పొడిగా పరిచాడు. అది తన చోట్లో ఒదిగి కూర్చుంది. హెడ్డు దించడానికి తాత వచ్చాడు.

"జరపకు బాబాయ్. పక్కకి జరిపితే కింద గీసుకుపోతుంది. నిద్రపోయే పిల్లని మంచం మీద పడుకోబెట్టినట్టు తిన్నగా దించు" అన్నాడు మావయ్య.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి దించారు. బోల్టులన్నీ చేత్తో తిప్పి నిలబెట్టాక తాత రంపం ఆపడానికి వెళ్ళబోయాడు. అప్పుడు అత్తయ్య షెడ్డులోకి వచ్చింది. చీరకి నూనె అంటుతుందని ఇంజను దగ్గరికి ఎప్పుడూ రాని మనిషి, కొంగు నడుంలో దోపుకుని ఇంజనుకి అవతలివైపు నిలబడింది. పానా తలకాయ మీద, బోల్టు పైన, అరచెయ్యి ఆనించింది.

"ఇదేంట్రా, కోడలు కూడా పనిలోకి దిగింది?" అన్నాడు తాత.

మావయ్యకి తాత పెదాలు కనపడ్డాయి. "కొత్త పద్ధతి బాబాయ్" అన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

వీధి మెత్తబడింది. నేను ఆ రోజు కిటికీ దగ్గర కూర్చోలేదు. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను.

హెడ్డు బోల్టుల్ని ఒక్కసారే బిగించకూడదు. విడతలు విడతలుగా బిగించాలి. అదీ ఒక చివర్నుంచి కాదు. దుప్పటి ముడతల్ని మధ్యలోంచి అంచులకి సర్దినట్టు, నడిమి బోల్టులతో మొదలుపెట్టి, ఇటొకటి అటొకటి, బయటికి పోవాలి. మొదటి విడత తేలిక బిగువు. మావయ్య కళ్ళు మూసుకుని లాగాడు. టిక్కుమంది. గుమ్మంలో నాకు వినపడింది. ఆయన చెయ్యి ఆగలేదు. అత్తయ్య రెండో చేత్తో ఆయన మణికట్టు మీద చటుక్కున కొట్టింది. ఆగాడు.

ఇంకో బోల్టు. లాగడం, టిక్కు, దెబ్బ. ఇంకోటి. ఒకచోట టిక్కు రాకముందే ఆయన మొహంలో ఆ శాంతం వచ్చేసింది, చెయ్యి తీసేయబోయాడు. "ఇంకా లేదు" అని అత్తయ్య ఆయన చేతిని వెనక్కి నొక్కింది. ఆయన కళ్ళు తెరిచి ఆవిడ మొహంలోకి చూశాడు. కలలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే లేచినవాడిలా.

"ఇప్పుడే విన్నానే" అన్నాడు నెమ్మదిగా.

"అది నిన్నటిది. లాగండి."

లాగాడు. టిక్కుమంది. దెబ్బ పడింది.

ఒక విడత పూర్తయ్యాక అత్తయ్య తన అరచెయ్యి చూసుకుంది. "మీకసలు చేతికి తెలియట్లేదా? నాకైతే చీమ కుట్టినట్టు ప్రతిదీ తెలుస్తోంది. మిషను సూది ఎముకగుండీ మీద పడ్డప్పుడు చేతికి ఎలా తెలుస్తుందో, అలా."

మావయ్య పానా పిడి వైపు చూశాడు. ఎప్పుడో కుర్రతనంలో, చెమటకి జారకుండా దానికి పాత సైకిలు ట్యూబు మందంగా చుట్టాడు. అప్పట్లో చెవులుండగా చేతికి తెలియాల్సిన అవసరమేముంది? అదే ఇన్నేళ్ళుగా ఉండిపోయింది. బ్లేడు తీసుకుని ఆ రబ్బరు కోశాడు. పొరలు పొరలుగా ఊడి వచ్చింది. లోపల ఉక్కు కొత్తగా, వేసవిలో బావినీళ్ళలా చల్లగా ఉంది. దాని చుట్టూ వేళ్ళు బిగించి కాసేపు ఊరికే పట్టుకున్నాడు.

రెండో విడత గట్టి బిగువు. నడిమి బోల్టు. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. లాగాడు. అత్తయ్య చెయ్యి ఎత్తింది, కొట్టబోయింది. మావయ్య అప్పటికే ఆగిపోయి ఉన్నాడు.

"ఇదా?" అన్నాడు.

అత్తయ్య తలూపింది.

"చేపపిల్ల తోక కొట్టినట్టుంది."

పక్క బోల్టు. "ఇదిగో" అన్నాడు ఆయనే ముందు. ఆ పక్కది. "ఇదిగో." ఒక్కో బోల్టుకీ ఆ మాట ఒక్కో రకంగా అన్నాడు. అనుమానంగా, సంతోషంగా, చివరికి చాలా మామూలుగా. అత్తయ్య అరచెయ్యి మాత్రం తియ్యలేదు. ఒక మూల బోల్టు దగ్గర ఆయన తొందరపడితే మళ్ళీ దెబ్బ వేసింది. ఎండదారాల్లో ఇద్దరి చేతులూ ఒక వెలుతురులోంచి ఇంకో వెలుతురులోకి జరుగుతూ పోయాయి. నేనేమో ఊపిరి తీసుకోవడం మర్చిపోయి, గుర్తొచ్చినప్పుడల్లా తీసుకున్నాను.

అన్ని విడతలూ అయ్యాయి. విప్పినవన్నీ మళ్ళీ అమర్చి, కొత్త నూనె పోసి, నీళ్ళు నెమ్మదిగా, గాలి బుడగలు బయటికి వచ్చేలా నింపేసరికి పొద్దు వాలింది. రొట్టెలాయన వచ్చాడు. చొక్కా మీద పిండి, మొహం మీద భయం. తాత కూడా వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

మావయ్య తాళం తిప్పాడు. ఇంజను దగ్గి, మళ్ళీ దగ్గి, అందుకుంది. వెనకనుంచి భళ్ళున తెల్లపొగ వచ్చింది.

రొట్టెలాయన తల పట్టుకున్నాడు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి ఇంకా వేడిగా ఉంది.

మావయ్య మాత్రం కదల్లేదు. "పాతనీళ్ళు" అన్నాడు. "మొన్న గోడ పోయినప్పుడు పొగగొట్టంలో చేరినవి. వేడెక్కి పోతున్నాయి. పోనివ్వండి."

పోనిచ్చాం. షెడ్డంతా తెల్లబడింది. అందరం మేఘంలో నిలబడ్డట్టున్నాం. తాత తల ఒక్కటే ఎక్కడో పైన తేలుతోంది. ఎంతసేపో తెలీదు. మెల్లగా రొట్టెలాయన బయటికి వచ్చాడు, తర్వాత తలుపు, తర్వాత గోడ మీద వేలాడే పానాలు ఒక్కొక్కటీ. పొగ పల్చబడి, దారంలా అయి, ఆగిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది. మావయ్య నూనె కడ్డీ లాగి గుడ్డకి తుడిచి, ముంచి, మళ్ళీ లాగి చూశాడు. నూనె తేనెరంగులో ఉంది. నీళ్ళలో బుడగల్లేవు. ఆయన కడ్డీని గూట్లో పెట్టేసి, హెడ్డు మీది మూత మీద అరచెయ్యి ఆనించి, కడుపులో బిడ్డ కదలిక చూసేవాళ్ళలా తల వంచి నిలబడ్డాడు.

వెనకనుంచి రొట్టెలాయన ఏదో అన్నాడు. మావయ్య తిరగలేదు. రొట్టెలాయన మళ్ళీ అన్నాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

అత్తయ్య నా చెయ్యి వదిలి, ఎప్పటిలాగే చుట్టూ తిరిగి ముందుకి వెళ్ళబోయింది. మావయ్య ఆ కదలిక చూశాడు. అరచెయ్యి ఎత్తి ఆవిణ్ణి ఆగమన్నాడు. ఇంజను కట్టేసి, తనే వెనక్కి తిరిగాడు. మమ్మల్నందర్నీ చూశాడు. తాతని, రొట్టెలాయన్ని, గుమ్మం అవతల పొగ చూసి ఆగిన సైకిళ్ళవాళ్ళని.

"నువ్వేదో అన్నట్టున్నావు" అన్నాడు రొట్టెలాయనతో. "నాకు చెవులు వినపడవు. చాలా రోజులైంది. పోయినసారి నీ బండి పాడవడానికి కారణం అదే. గ్యాస్కెట్టు మంచిదే. నాతో మాట్లాడాలంటే ఇలా ముందుకి రావాలి."

రొట్టెలాయన రెండడుగులు వేసి మావయ్య మొహంలో మొహం పెట్టి గొంతు చించుకున్నాడు. "ఇప్పుడు వినపడుతోందాఁ?"

"అరిస్తే లాభం లేదు. పెదాలు కనపడితే చాలు. నీ మీసం ఒకటి అడ్డం."

రొట్టెలాయన మీసం పైకి నొక్కి పట్టుకున్నాడు. ఆలోచించాడు. "మరి ఈసారి ఎలా బిగించావు?"

"మా ఆవిడ కొడుతూ ఉంటే బిగించాను."

సైకిళ్ళవాళ్ళెవరో కిసుక్కుమన్నారు. తాత భుజాలు కదలడం మొదలైంది. రొట్టెలాయన మాత్రం ఇంకా ఏదో లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు. ఉన్నట్టుండి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"అయితే ఇన్నాళ్ళూ, బండి ఆలస్యమైనప్పుడల్లా, నీ వెనక నిలబడి నేను తిట్టిన తిట్లు ఒక్కటీ నీకు చేరలేదన్నమాట!"

"తిట్టావా?" అన్నాడు మావయ్య. "ఏమని?"

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. రొట్టెలాయన మీసం ఇంకా గట్టిగా పైకి నొక్కుకుని, ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ, నెమ్మదిగా, పెదాలు బాగా కనపడేలా చెప్పడం మొదలుపెట్టాడు.